ప్రవర మింగేసిన వెబ్‌మెయిల్ గారికి

అయ్యా వెబ్‌మెయిల్ గారూ,

నమస్కారం. ఎన్నో ఏళ్లుగా నా బ్రౌజర్‌లో మొదటి ట్యాబ్ మీదే. స్పామ్‌ని బాగా పట్టేస్తారు. నేను "థాంక్యూ" అని టైపు చేసేలోపు మిగతా వాక్యం మీరే అందిస్తారు. ఇన్ని ఉపకారాలు చేసే మీతో పేచీ ఒక్క లైను గురించే.

మెయిల్ తలకట్టులో, మామూలుగా కంటికి కనబడకుండా ఉండే ఆ లైను పేరు ఇన్-రిప్లై-టు. మీకు పరిచయం లేదని కాదు, 1982 నాటి ఆర్ఎఫ్‌సీ 822 అనే ఈమెయిల్ నియమాల పత్రంలోనే ఉంది. ప్రతి మెయిల్‌కీ మెసేజ్-ఐడీ అని సొంత పేరు ఉంటుంది. జవాబు రాస్తే తండ్రి పేరు, అంటే ఏ మెయిల్‌కి జవాబో దాని పేరు, ఇన్-రిప్లై-టులో, పై తరాల పేర్లు వరసగా రెఫరెన్సెస్ అనే లైనులో వస్తాయి. మా పెళ్లిళ్లలో పురోహితుడు ఫలానా వారి మునిమనవడు, ఫలానా వారి మనవడు, ఫలానా వారి కుమారుడు అని ప్రవర చదువుతాడే, అచ్చం అదే. ప్రవర ఉన్న జవాబు వెయ్యి మెయిళ్ల గుంపులోనైనా వెతుక్కుంటూ వెళ్లి తండ్రి కిందే కూర్చుంటుంది. లేనిది మండపం బయట, చెప్పుల దగ్గర.

పోయిన వారం నా జవాబు కూర్చున్నది అక్కడే.

లైనక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థకి గుండెకాయ లాంటి కెర్నెల్‌ని రాసేవాళ్లు మెయిళ్లతో మాట్లాడుకునే లిస్టులున్నాయి. వాటి పాత మెయిళ్లన్నీ దాచిపెట్టే ఆర్కైవ్‌లో ఎవరో టచ్‌ప్యాడ్ గురించి అడిగారు. నాదీ అదే ల్యాప్‌టాప్, అదే తలనొప్పి, పైగా నా దగ్గర మందు ఉంది. కానీ ఆ లిస్టులో నేను చేరలేదు కాబట్టి ఆ మెయిల్ నా ఇన్‌బాక్స్‌కి ఎన్నడూ రాలేదు. రాని మెయిల్‌కి రిప్లై నొక్కేదెలా? పాపం ఆర్కైవ్ వాళ్లు ఇదంతా ఆలోచించి, మెయిల్ అడుగునే నొక్కితే కొత్త మెయిల్ రాసే కిటికీ తెరిచే ఒక మెయిల్‌టు లింకు పెట్టారు, అందులో ఇన్-రిప్లై-టు కూడా కూరి. నొక్కాను. మీరు తెరుచుకున్నారు. చిరునామాలు నింపారు, సబ్జెక్ట్ నింపారు. ప్రవర మాత్రం మింగేశారు.

ఇలాంటి లింకుకి 1998లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2368లో ఉదాహరణే ఇచ్చారండీ, అదీ ఇన్-రిప్లై-టుతోనే. ఆ ఏడాది పుట్టిన పిల్లలకి ఇప్పుడు పెళ్లిళ్లవుతున్నాయి.

నాకప్పుడు ఇదేమీ తెలియదు. సబ్జెక్ట్ ముందు "రీ:" ఉందిగా, చాలనుకున్నాను. అది లాటిన్‌లో "విషయమై" అనే మాటకి పొట్టి రూపమట. జర్మన్లు దాని బదులు ఏడబ్ల్యూ అని, స్వీడన్ వాళ్లు ఎస్‌వీ అని పెట్టుకుంటారు. ఎవరు ఏది పెట్టుకున్నా అది నుదుటి మీద నామమే. నామం దిద్దుకున్నంత మాత్రాన గోత్రం వస్తుందా?

పంపాను. ముందు వెనక్కి తిరిగొచ్చింది, హెచ్‌టీఎంఎల్ మెయిల్, అంటే రంగులూ సోకులూ ఉండేది, అక్కడ నిషిద్ధమని. ఉత్త అక్షరాలే పంపే ప్లెయిన్ టెక్స్ట్ అనే మాటని మీ మెనూలో ఏ మూల దాచారో కనిపెట్టి మళ్లీ పంపాను. ఈసారి వెళ్లింది. తర్వాత చూసుకుంటే ప్రశ్న ఒక చోట, నా జవాబు ఇంకో చోట, మధ్యలో ఎవరెవరివో ప్యాచ్‌లు (కోడ్ సవరణలు). అడిగినాయన కంట పడనే లేదు. వేరొకాయన మాత్రం మర్యాదగానే అడిగారు: "ఇది దేని గురించి?"

నిజం చెప్పుకోవాలి. ఇన్‌బాక్స్‌లో ఉన్న మెయిల్‌కి రిప్లై నొక్కితే మీరు ప్రవర తప్పు లేకుండా రాస్తారు. "ఒరిజినల్ చూపించు" అంటే మెసేజ్-ఐడీ, రెఫరెన్సెస్ అన్నీ చూపిస్తారు కూడా. సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దాల బీరువాల్లో కత్తులు చూపించినట్టు. చూడొచ్చు, ముట్టుకోకూడదు.

ఇంకో సంగతి. నేను సభ్యుడిగా ఉన్న వేరే లిస్టు ఒకటుంది. అక్కడికి పంపిన మెయిల్ చుట్టూ తిరిగి నాకే వస్తే, రెండూ ఒకటేనని గుర్తుపట్టి రెండోదాన్ని నాకు కనబడకుండా దాచేస్తారు. దేన్ని బట్టి గుర్తుపట్టారు? మెసేజ్-ఐడీనే కదా! దాచడానికి పనికొచ్చిన చదువు కలపడానికి ఎందుకు పనికిరాలేదు స్వామీ?

నేను అడిగేది చిన్న డబ్బా. కంపోజ్ కిటికీలో సీసీకి చోటుంది, బీసీసీకి చోటుంది, గంతులేసే పిల్లి బొమ్మకీ చోటుంది. వాటి పక్కన "ఏ మెయిల్‌కి జవాబు?" అని ఇంకొక్కటి. అదీ కుదరదంటే ఆ లింకులో వచ్చింది వచ్చినట్టు ఉంచండి, చాలు.

అప్పటిదాకా మట్ అని ఒక నల్ల తెర మెయిల్ ప్రోగ్రాం పెట్టుకున్నాను. ఆర్కైవ్ నుంచి మెయిళ్లని మూటకట్టిన ఎంబాక్స్ ఫైలు దించి, అందులో తెరిచి, అందరికీ జవాబిచ్చే జీ మీట నొక్కితే ప్రవర దానంతటదే వచ్చేస్తోంది. రంగుల్లేవు, బొమ్మల్లేవు, మౌస్‌తో పన్లేదు. మా అబ్బాయి చూసి "కంప్యూటర్ పాడైందా నాన్నా?" అన్నాడు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు

తా.క.: చెప్పుల దగ్గర కూర్చున్న నా మెయిల్‌కి ఇవాళ ఒక జవాబు వచ్చింది. ఆశగా తెరిచాను. ఎవరో దాని మీద రిప్లై నొక్కి, సబ్జెక్ట్ మార్చి, తన బ్లూటూత్ కష్టం చెప్పుకున్నాడు. ఆర్కైవ్‌లో అది నా కిందే చేరింది. ప్రవర చూశాను, ఒక్క తప్పు లేదు. తండ్రి పేరు నాదే.