పాత జెట్ రేంజర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బెల్ 206 జెట్ రేంజర్ హెలికాప్టర్ గారికి,

బెంగళూరు మారతహళ్ళి నుంచి మీ కాబోయే యజమాని బావమరిది నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మా బావగారు వెంచర్లు వేస్తారు, లెక్కలు నేను చూస్తాను. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద కారు కదలక విసిగి, ఫోనులో మీ ఫోటోలు చూశారు. ‘మంచి విల్లా ఖరీదుకే హెలికాప్టర్ వస్తోందిరా!’ అన్నారు. అప్పటినుంచి ఆయన కాళ్లు నేలమీద లేవు.

ఫోటోల్లో మీరు అందంగానే ఉన్నారు. కొత్త రంగు, తోలు సీట్లు. 1960లలో పుట్టి 2010 దాకా తయారైన వంశం మీది, పేరుకు లోటు లేదు. కానీ మీ ప్రధాన రెక్కల ఆయుష్షు 5000 గంటలట. ఆపైన ఎంత నిగనిగలాడినా తుక్కే. అవి ఇప్పటికి ఎన్ని గంటలు తిరిగాయో చెప్పే కార్డు అడిగితే, అమ్మకందారు జిరాక్సు పంపాడు. సరిగ్గా అంకె ఉండాల్సిన చోటే మసి.

స్థలం కొనేటప్పుడు మా బావగారు ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు తెప్పించుకుని, ఒక్క సంతకం తేడాగా ఉన్నా అడ్వాన్సు వెనక్కి లాక్కుంటారు. మీరూ అంతే కదా! చరిత్ర కాగితం లేని గేర్‌బాక్సు ఎంత బాగా తిరిగినా చెల్లదు. ఆ మాట చెబితే, ‘ఎగిరేదానికి కాగితాలేమిట్రా’ అంటున్నారు.

ఇక మీ ఇంజను. గంటలకే కాదు, ఎన్నిసార్లు స్టార్టు చేశారన్నదానికీ లెక్క ఉందట. స్టార్టు చేస్తుండగా వేడి 927 డిగ్రీలు దాటిందంటే, ఆ కొన్ని సెకన్లకే ఇంజను విప్పి చూడాలి. మీ పాత పైలట్లలో ఎవరి చెయ్యి తొందరదో ఫోటోలో కనపడదు. పైగా గంటకు సుమారు వంద లీటర్ల ఇంధనం. ఎగరకుండా కూర్చున్నా హ్యాంగర్ అద్దె, బీమా, తేదీ ప్రకారం తనిఖీలు. మా ఇంట్లో అల్లుళ్లకు కూడా ఇంత మర్యాద జరగలేదు.

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. ఏప్రిల్ ఎండలో గాలి ఇంకా పలచబడితే మీరు మోయగల బరువు తగ్గుతుంది. మా బావగారి బరువు గురించి నేను మాట్లాడను.

తిరుపతి వెళ్లొచ్చి మీరు జక్కూరు ఎయిర్‌ఫీల్డులో దిగుతారనుకుందాం. అక్కడినుంచి ఇంటికి మళ్లీ కారే, మళ్లీ హెబ్బాళ ఫ్లైఓవరే.

ఏమైనా, ఆ కార్డు అసలు ప్రతి వెంటనే పంపించగలరు. ఇక్కడ మా బావగారు వాహన పూజకు పురోహితుడితో మాట్లాడేశారు. నిమ్మకాయలు చక్రాల కింద పెడతామని ఆ పురోహితుడు అంటున్నారు. చక్రాలు లేని మీకు వాటిని ఎక్కడ పెట్టాలో కూడా తెలుపగలరు.

ఇట్లు,
లెక్కలు చూసే బావమరిది