ఉద్ధరిణెడు స్విట్జర్లాండ్

వేసవిలో కనిగిరిలో ఎవరింటికి వెళ్ళినా ముందు మజ్జిగ ఇచ్చేవారు. ఇప్పుడు స్విట్జర్లాండ్ వీడియో ఇస్తున్నారు. ఫోన్లో అయితే తప్పించుకోవచ్చు, టీవీకి కలిపితే ఎక్కడికి పోతాం?

మా బావగారు ట్రూమెల్‌బాఖ్ జలపాతం చూసొచ్చారు. ఐగర్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాల మీది మంచు కరిగి, కొండ లోపలే దూకుతుంది. సెకనుకు 20,000 లీటర్ల దాకా. చూడటానికి సొరంగంలో లిఫ్టు. అద్భుతమే, కాదనం. అందుకని బంధువులందరినీ పిలిచి, వెండి ఉద్ధరిణితో తీర్థం ఇవ్వాలా?

అవునండీ, అక్కడి నుంచి సీసాడు నీళ్ళు పట్టుకొచ్చారు. పట్టుపంచె కట్టి, టీవీలో జలపాతం హోరెత్తుతుండగా 'అకాల మృత్యుహరణం' అందుకున్నారు. నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. హిమానీనదం కొండరాతిని పిండి చేస్తుంది, ఆ పిండి కలిస్తే అంతేనని సెలవిచ్చారు. 2022, 2023 రెండేళ్ళలోనే స్విస్ హిమానీనదాల్లో పదో వంతు మంచు కరిగిపోయిందట, కనుక ఉన్నప్పుడే పుచ్చుకోవాలట. మా పిన్ని భక్తిగా కళ్ళకద్దుకుని తాగి, "మన ట్యాంకర్ అడుగునీళ్ళూ ఇట్టానే ఉంటాయి నాయనా" అంది.

బావగారు వినిపించుకోలేదు. రెండో వరస మొదలుపెట్టారో లేదో వీధిలో ట్యాంకర్ హారన్ మోగింది. భక్తులంతా బిందెలతో గుమ్మం దాటారు. "ఏందయ్యా, ఆ డ్రమ్ము పట్రా!" అని అక్క కేకేస్తే, పూజారిగారు పట్టుపంచె ఎగ్గట్టి డ్రమ్ము దొర్లించుకుంటూ బయల్దేరారు. టీవీలో మాత్రం సెకనుకు 20,000 లీటర్లు పోతూనే ఉన్నాయి.

కొండలో సొరంగాలు మనకు లేవా? వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం నీళ్ళు మా కనిగిరి ఉన్న పశ్చిమ ప్రకాశానికి తేవడానికి రెండు సొరంగాలు, ఒక్కోటీ 18 కిలోమీటర్ల పైచిలుకు. 2024లో వాటిని జాతికి అంకితం చేశారు, నీటిచుక్క లేకుండానే. ఈలోగా ఒక తరం ఫ్లోరైడ్ బోరునీళ్ళు తాగింది. పిల్లల పళ్ళు గారపట్టాయి. పని చేసుకునే వయసులోనే మనుషులకు నడుం వంగిపోయింది. నాయకులు ప్రతి ఎన్నికకూ వచ్చి ఆ వంగిన మనుషుల చేతే దండలు వేయించుకుని పోయారు. సిగ్గు లేదూ?

బావగారూ, ఆ వీడియో మాకొద్దు. శంకుస్థాపన రాళ్ళు వేసినవాళ్ళకు చూపించండి. సొరంగంలోంచి నీళ్ళు కూడా వస్తాయని వాళ్ళకు తెలియాలి.