గ్రీన్‌గానే ఉంది సార్

మా ఆఫీసులో గోడ నిండా ఒక స్క్రీను. బ్రాంచీల లింకులన్నీ దాని మీద చుక్కలు. పచ్చగా ఉంటే బతికున్నట్టు, ఎర్రగా ఉంటే పోయినట్టు. మొన్న రాత్రి ఓ బ్రాంచి నుంచి ఫోను.

"బాబూ, పావుగంటయింది లింకు పోయి."

మా కుర్రాడు గోడకేసి చూశాడు. "లేదు సార్, గ్రీన్‌గానే ఉంది."

"ఇక్కడ లేదు నాయనా!"

"మా దగ్గర ఉంది సార్."

పాపం, ఇద్దరూ నిజమే చెప్పారు. గోడ మీదున్నది 20 నిమిషాల కిందటి లోకం.

ఈ లింకుల్ని కనిపెట్టుకుని ఉండే మా కాపలాదారు సాఫ్ట్‌వేర్ పేరు నాగియోస్. 1999లో పుట్టినప్పుడు నెట్‌సెయింట్, 2002లో పేరు మారింది. 'నేను సాధువునని పట్టుబట్టను' అనే అర్థం కొత్త పేరులోనే ఇమిడి ఉంది. అది వద్దన్నా మావాళ్లు హారతి ఇవ్వడం మానలేదు.

జిల్లాకో పిల్ల సర్వరు. దానికి 4,000 చెక్‌లు, అంటే 'బతికున్నావా' అని పలకరింపులు, ప్రతి 5 నిమిషాలకూ ఒక చుట్టు. చెక్ అయిన ప్రతిసారీ ఫలితాన్ని హైదరాబాద్‌లోని పెద్ద సర్వరుకు పంపే కమాండ్ పేరు ఓసీఎస్‌పీ. పూర్తి పేరు 'అబ్సెసివ్ కంపల్సివ్ సర్వీస్ ప్రాసెసర్'. ఒట్టు, నేను పెట్టింది కాదు.

ఈ ప్రాసెసరుగారిని గుమాస్తా అనుకోండి. ఒక ఇంటి తలుపు కొట్టి "ఉన్నారా?" అంటాడు. "ఉన్నాం" అనగానే ఆ ఒక్క ముక్క కార్డు మీద రాసి, రిజిస్టరు మూసి, ఆఫీసుకు తాళం వేసి, పోస్టాఫీసుకు నడిచి, కార్డు డబ్బాలో వేసి, వెనక్కొచ్చి, తాళం తీసి, కండువా దులుపుకుని రెండో ఇంటికి బయల్దేరతాడు. ఇలా 4,000 ఇళ్లు. పోస్టాఫీసు మూసి ఉంటే? గుమ్మం ముందు 5 సెకన్లు బొమ్మలా నిలబడి, ఆ కార్డు చింపి పారేసి, ఇంకో కార్డుతో మళ్లీ వస్తాడు. అంటే లింకులు బాగా దెబ్బతిన్న రోజే అయ్యగారు బాగా నెమ్మదిస్తారన్నమాట!

పంపడానికి 0.3 సెకను పడితే 4,000 చెక్‌లకు 1,200 సెకన్లు. 5 నిమిషాల చుట్టు 20 నిమిషాల ప్రదక్షిణ అయింది. మందు తెలియనిదేం కాదు. ఫలితాలు ఫైల్లో రాసుకుంటూ పోయి, కొన్ని సెకన్లకోసారి మూట కట్టి ఒకే కనెక్షన్‌లో పంపితే చాలు. చిన్న స్క్రిప్టు.

మీటింగులో తేల్చింది వేరు. ర్యామ్ పెంచారు. ఇంకా పెద్ద స్క్రీనుకు ఆర్డరిచ్చారు. ఆపైన ఒక పెద్దమనిషి, "చెక్ ఇంటర్వెల్ 5 నుంచి 1కి దించండి, తొందరగా తెలుస్తుంది" అన్నారు. చుట్టు పూర్తిచేయలేక రొప్పుతున్న గుమాస్తాకు రోజుకు అయిదింతల చుట్లు! అందరూ నోట్ చేసుకున్నారు.

లేటెన్సీ, అంటే చెక్ మొదలవడంలో ఆలస్యం, 900 సెకన్లు దాటిందని ఆ నాగియోస్‌లోనే ఒక పేజీ మొత్తుకుంటోంది. ఆ పేజీ తెరిచిన పాపాన ఒక్కడూ పోలేదు. కానీ మెమో రాయడానికి మాత్రం చేతులొచ్చాయి. ఎవరికి? పన్నెండు గంటల నైట్ షిఫ్ట్ చేసే ఆ కాంట్రాక్టు కుర్రాడికి. 'అలర్ట్ గమనించడంలో నిర్లక్ష్యం' అట. రాని అలర్టును ఎలా గమనిస్తాడండీ? ముందు ఆ సంతకం పెట్టినాయన్ను కూర్చోబెట్టి ఒక్క రాత్రి ఆ గోడ చూడమనండి!

మెమో మాత్రం ఏ క్యూలోనూ ఆగలేదు. తెల్లారేసరికి వాడి చేతిలో ఉంది.