ఎకోవాస్, ఇగాడ్ ఏ యుద్ధాన్నీ ఆపలేదా?

ఆఫ్రికా గురించి చర్చ రాగానే ఈ మాటలు ఏదో రూపంలో వినిపిస్తాయి: "అక్కడి ప్రాంతీయ కూటములు తీర్మానాలు చేస్తాయంతే. ఐక్యరాజ్యసమితి దిగితేనే పని జరుగుతుంది. వాళ్ల సైనికులకు డబ్బిచ్చేది యూరప్. చేయించిన ఒప్పందాలు నిలవవు." వీటిలో ఒక్కటే నిజానికి దగ్గరగా ఉంది.

"ఐక్యరాజ్యసమితి దిగితేనే"

అంతర్యుద్ధంలో ఉన్న లైబీరియా రాజధాని మన్రోవియాలో పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ దళం 1990 ఆగస్టులోనే దిగింది. ఐక్యరాజ్యసమితి పరిశీలకులు వచ్చింది 1993లో. 2003లోనూ ముందు వెళ్లింది ఎకోవాస్ సైనికులే, సుమారు 3,500 మంది. అక్టోబరు 1న వాళ్లే ఐక్యరాజ్యసమితి దళంలో కలిశారు.

మొదటి దళం మచ్చలేనిదేమీ కాదు. దోపిడీలు చేసింది, కొన్ని ముఠాలతో చేతులు కలిపింది. కానీ ఆ యుద్ధం ఏళ్ల తరబడి సాగడానికి పెద్ద కారణం ఇంకొకటుంది. నైజీరియా సైనికులు తిరుగుబాటు నాయకుడు చార్లెస్ టేలర్‌తో పోరాడుతుంటే, అదే కూటమిలోని బుర్కినా ఫాసో, ఐవరీ కోస్ట్ అతనికి అండగా నిలిచాయి. పొరుగువాళ్ల మధ్య ఈ చీలికే కింది కొన్ని ఉదాహరణల్లోనూ కనిపిస్తుంది.

"తీర్మానాలు చేస్తాయంతే"

గాంబియాలో 22 ఏళ్లు పాలించిన యాహ్యా జమ్మే 2016 డిసెంబరు ఎన్నికల్లో ఆడమా బారో చేతిలో ఓడాడు. ముందు ఒప్పుకుని, వారం తిరగగానే ఫలితం చెల్లదన్నాడు. ఎకోవాస్ దేశాల అధ్యక్షులు రాజధాని బాంజుల్ వెళ్లి నచ్చజెప్పారు, వినలేదు. పదవీకాలం ముగిసే రోజుకల్లా సరిహద్దులో దళాలు సిద్ధమయ్యాయి. 2017 జనవరి 19న బారో సెనెగల్ రాజధాని డకార్‌లోని గాంబియా రాయబార కార్యాలయంలో ప్రమాణం చేసి సైనిక సాయం కోరాడు. దళాలు సరిహద్దు దాటి, గినీ, మారిటేనియా అధ్యక్షుల చివరి చర్చల కోసం ఆగాయి. 21న జమ్మే దేశం విడిచాడు. అదే 19న వచ్చిన భద్రతామండలి 2337వ తీర్మానం ఎకోవాస్‌ను సమర్థించింది కానీ బలప్రయోగానికి నేరుగా అనుమతివ్వలేదు. చట్టపరంగా ఆధారం బారో పిలుపే.

2023 జులై 26న నైజర్‌లో తిరుగుబాటు జరిగినప్పుడు ఇవేవీ లేవు. అధ్యక్షుడు బజూమ్ సైనికుల నిర్బంధంలో ఉన్నాడు. మూడు వైపులా సెనెగల్ ఉన్న చిన్న గాంబియాకూ, ఎడారి నిండిన నైజర్‌కూ పోలికే లేదు. మాలి, బుర్కినా ఫాసో నైజర్ మీద దాడిని తమ మీద యుద్ధంగా చూస్తామన్నాయి. నైజీరియా సెనేట్ యుద్ధానికి ఒప్పుకోలేదు. ఎకోవాస్ మాత్రం బజూమ్‌ను తిరిగి పదవిలో కూర్చోబెట్టకపోతే బలప్రయోగానికీ వెనకాడమంటూ జులై 30న వారం గడువు పెట్టేసింది. సైనికాధిపతులు కూర్చుని లెక్కలు వేసుకున్నది ఆ తర్వాత, ఆగస్టు 2 నుంచి. బలం చూసుకోకుండా గడువు పెట్టడం ఘోరమైన తప్పు. నైజీరియా కరెంటు ఆపేసింది, సరిహద్దులు మూశారు. ఆ బాధ పడింది మామూలు జనం. 2025 జనవరిలో మూడు దేశాలూ కూటమి నుంచి బయటికి వెళ్లిపోయాయి. నైజర్‌లో ఎకోవాస్ ఓడిపోయిందనేది నిజం. అంతమాత్రాన గాంబియా జరగలేదని అనలేం.

"డబ్బిచ్చేది యూరప్"

ఇదే నిజానికి దగ్గరగా ఉన్న మాట. సోమాలియాలో 2007లో దిగిన ఆఫ్రికన్ యూనియన్ దళం భత్యాలను ఏళ్లపాటు యూరోపియన్ యూనియన్ భరించింది. ఆహారం, ఇంధనం లాంటివి ఐక్యరాజ్యసమితి చూసింది. 2016లో యూరప్ 20 శాతం కోత పెట్టేసరికి సైనికులు పంపిన దేశాలు గొడవపడ్డాయి. కానీ ఇస్లామిక్ తీవ్రవాద సంస్థ అల్ షబాబ్‌తో వీధి వీధినా పోరాడి, 2011 ఆగస్టులో రాజధాని మొగదిషు నుంచి అది వెనక్కి తగ్గేలా చేసింది ఉగాండా, బురుండి సైనికులు, సోమాలీ దళాలు. అలాంటి చోటికి తన శాంతిదళాన్ని పంపడానికి ఐక్యరాజ్యసమితి సిద్ధపడలేదు.

"ఒప్పందాలు నిలవవు"

1983లో మొదలైన సుడాన్ ఉత్తర-దక్షిణ యుద్ధాన్ని ముగించిన 2005 ఒప్పందం, తూర్పు ఆఫ్రికా కూటమి ఇగాడ్ తరఫున కెన్యా జనరల్ లాజారో సుంబెయివో నడిపిన చర్చల ఫలితం. అమెరికా, బ్రిటన్, నార్వే వెనక నుంచి ఒత్తిడి తెచ్చాయి. అందులో రాసుకున్నట్టే 2011 జనవరిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, జులైలో దక్షిణ సుడాన్ ఏర్పడింది.

నిలవనిది ఆ కొత్త దేశంలో 2013లో మొదలైన యుద్ధంపై చేసిన 2015 ఒప్పందం. ఇగాడ్ మధ్యవర్తిత్వం చేస్తుండగానే సభ్యదేశం ఉగాండా దక్షిణ సుడాన్ అధ్యక్షుడు సల్వా కీర్ పక్షాన సైన్యం పంపింది. అలాంటి మధ్యవర్తిని కీర్ ప్రత్యర్థి రియెక్ మచార్ వర్గం ఎలా నమ్ముతుంది? 2018లో ఉగాండా అధ్యక్షుడు ముసెవెనీ, సుడాన్ అధ్యక్షుడు బషీర్ ఇద్దరూ చేయి కలిపాకే కొత్త ఒప్పందం కుదిరింది. రెండు పక్షాల సైనికులతో 83,000 మంది ఉమ్మడి దళం అనుకున్నది సగంలోనే నిలిచింది. శిక్షణ అయినవాళ్లకూ జీతాలు సరిగా అందలేదు. ఎన్నికలు పదేపదే వాయిదా పడ్డాయి. 2025 మార్చిలో మచార్‌ను గృహనిర్బంధంలో పెట్టారు. ఉగాండా దళాలు అదే నెలలో మళ్లీ దక్షిణ సుడాన్ రాజధాని జుబాలో దిగాయి.