రోమ్ వెళ్ళి కొలోసియం లోపలికి వెళ్ళకపోతే ఏం కాదు

ముందే చెప్తున్నా, కొంచెం మండి రాస్తున్నా ఇది. యూరప్‌లో చదువుకుంటున్న మనవాళ్ళు రోమ్ అనుకోగానే ఫస్ట్ చేసే పని రీల్స్ చూడటం, అందులో ఎవడో ఒకడు "స్టూడెంట్స్‌కి కొలోసియం జస్ట్ 2 యూరోలే గయ్స్" అంటాడు, వీళ్ళు అది నమ్మి ఫ్లైట్ బుక్ చేసేసుకుంటారు. ఆ 2 యూరోల టికెట్ స్టూడెంట్లకి కాదు నాయనా! 18 నుంచి 25 ఏళ్ళ లోపు యూరోపియన్ యూనియన్ పౌరులకి. నువ్వు జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నావా, యూనివర్సిటీ ఐడీ ఉందా, ఇవేవీ అక్కడ పనికిరావు, పాస్‌పోర్ట్ ఏ దేశానిది అన్నదొక్కటే లెక్క. మనం 18 యూరోలు కట్టాల్సిందే.

పారిస్‌లో ఈ బాధ లేదు. లూవ్ర్ మ్యూజియంకి వెళ్తే 26 లోపు వయసుండి, యూరోపియన్ యూనియన్‌లో ఉంటున్నట్టు రెసిడెన్స్ పర్మిట్ చూపిస్తే చాలు, ఇండియన్ పాస్‌పోర్ట్ అయినా ఫ్రీ. అదే ఇండియా నుంచి టూరిస్ట్‌గా వచ్చినవాళ్ళకి 2026 జనవరి నుంచి 32 యూరోలు. ఇక రోమ్‌లోనే నది దాటి వాటికన్ మ్యూజియమ్స్‌కి వెళ్తే అది మళ్ళీ వేరే దేశం, అక్కడ 25 లోపు స్టూడెంట్ కార్డు ఉంటే తగ్గింపు ఇస్తారు, ఎక్కడి పౌరుడివి అని అడగరు. ఇంత తేడా ఉందని ఏ రీల్‌లోనైనా చెప్పారా? చెప్పరు, ఎందుకంటే వాళ్ళల్లో సగం మంది కింద లింక్ పెట్టి టూర్ టికెట్లు అమ్ముకునే బ్యాచే.

ఆ టికెట్ల సంగతి ఇంకో కథ. అఫీషియల్ సైట్‌లో 18 యూరోల టికెట్ చూద్దామంటే అన్ని స్లాట్లూ అయిపోయుంటాయి, పక్క సైట్లలో మాత్రం అదే టికెట్‌కి గైడ్ అనో స్కిప్ ద లైన్ అనో తగిలించి డబుల్, త్రిబుల్ రేటుకి కావాల్సినన్ని ఉంటాయి. ఇదేదో నా అనుమానం కాదు, 2025లో వ్యాపారాల్లో మోసాల మీద కన్నేసే ఇటలీ కాంపిటీషన్ అథారిటీ ఈ వ్యవహారం మీదే అంతకుముందు టికెట్లు అమ్మిన సంస్థకీ, బాట్లు (వాటంతటవే టికెట్లు కొనేసే ప్రోగ్రాములు) పెట్టి, బల్క్‌గా లాగేసుకున్న టూర్ కంపెనీలకీ కలిపి దాదాపు 2 కోట్ల యూరోలు ఫైన్ వేసింది. జర్మనీ వీసా కోసం ముందే డబ్బు వేసి పెట్టే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి 992 యూరోలు వస్తే, రెంటూ ఇన్సూరెన్సూ పోగా మిగిలేది ఎంతో మనకి తెలీదా, అందులోంచి 50 తీసి ఇలాంటోళ్ళ చేతిలో పెట్టాలా?

అందుకే నా మాట, లోపలికి వెళ్ళకండి. హిస్టరీ పిచ్చి నిజంగా ఉంటే వెళ్ళండి, లేదా నెలలో ఫస్ట్ సండే ఫ్రీ ఎంట్రీ ఉంటుంది, ఆ జనాన్ని తట్టుకోగలిగితే చూడండి. మిగతావాళ్ళు మెట్రో స్టేషన్ పైనున్న రోడ్డు మీద పిట్టగోడ దగ్గర నిలబడితే కొలోసియం మొత్తం ఎదురుగా కనిపిస్తుంది, పొద్దుపోయాక లైట్లు వేసినప్పుడు ఇంకా బావుంటుంది. పాత రోమన్ల ఊరి నడిబొడ్డు, ఇప్పుడు శిథిలాలైన ఫోరమ్ కూడా అంతే. కాంపిదోల్యో కొండ ఎక్కి మేయర్ ఆఫీసున్న బిల్డింగ్ పక్కనుంచి వెనక్కి వెళ్తే, సెప్టిమియస్ సెవెరస్ ఆర్చ్, సాటర్న్ అనే రోమన్ దేవుడి గుడి స్తంభాలు, వాటి వెనకాల దూరంగా కొలోసియం, అన్నీ ఒకే చూపులో, పైసా ఖర్చు లేకుండా.

అసలు రోమ్‌లో గొప్ప సరుకంతా చర్చిల్లో ఉంది, చాలావరకు ఫ్రీ. సాన్ లుయిజీ దేయి ఫ్రాంచేసి అని పియాజ్జా నవోనా పక్కనే ఉంటుంది, లోపల ఎడమవైపు చివరి చాపెల్‌లో (చర్చి లోపలి చిన్న ప్రార్థన గది) కారవాజ్జో అనే పెయింటర్ బొమ్మలు మూడు, 1600 ప్రాంతంలో ఆ గోడల కోసమే వేసినవి. డబ్బులు లెక్కపెట్టుకుంటున్న సుంకరి మత్తయిని ఏసు వేలు చూపించి పిలుస్తుంటాడు, ఆ బొమ్మలో వెలుతురు చాపెల్‌కి నిజంగా కిటికీ ఉన్న వైపు నుంచే పడుతుంది. మ్యూజియంలో పెట్టి ఉంటే ఈ కిటుకు అర్థమయ్యేదే కాదు. చాపెల్ చీకటిగా ఉంటుంది, కాయిన్ వేస్తే కాసేపు లైట్ వెలుగుతుంది, మీరు వేయక్కర్లేదు, రెండు నిమిషాలు ఆగండి, ఎవరో ఒక అమెరికన్ అంకుల్ వేస్తాడు 😄 సాంతా మరియా దెల్ పోపోలో చర్చిలో కారవాజ్జోవి ఇంకో రెండున్నాయి. కొలోసియం నుంచి పదినిమిషాలు నడిస్తే సాన్ పియెత్రో ఇన్ వింకోలి చర్చి, అక్కడ మైకెలాంజిలో చెక్కిన మోషే, తలమీద కొమ్ములతో, ఆ గడ్డం చూడ్డానికైనా వెళ్ళాలి. సెయింట్ పీటర్స్ బసిలికా కూడా ఫ్రీయే, సెక్యూరిటీ క్యూ మాత్రం పొద్దున్నే వెళ్తేనే తక్కువ.

నాకు బాగా ఒళ్ళు మండిన చోటు సాంతిన్యాత్సియో చర్చి. అక్కడ కప్పు మీద పోజ్జో అనే ఆయన లేని డోమ్‌ని ఉన్నట్టే పెయింట్ చేశాడు, 1685లో, కాన్వాస్ మీద, కింద నేలమీద గుర్తుపెట్టిన చోట నిలబడి చూస్తే నిజం డోమే అనిపిస్తుంది, రెండడుగులు పక్కకి జరిగితే వంగిపోతుంది. ఇంత మాయ నెత్తిమీద పెట్టుకుని జనం ఏం చేస్తున్నారయ్యా అంటే, పైకప్పు కనిపించడానికి పెట్టిన అద్దం ముందు సెల్ఫీ కోసం చాంతాడంత క్యూ కట్టి నిలబడ్డారు, ముందున్న ఒకమ్మాయి అరగంట నిలబడి సెల్ఫీ తీసుకుని, తలెత్తి పైకి ఒక్కసారి కూడా చూడకుండా వెళ్ళిపోయింది. నేనే చూశా.

వాటికన్ మ్యూజియమ్స్‌కి మాత్రం డబ్బు పెట్టండి, మైకెలాంజిలో కప్పంతా బొమ్మలేసిన సిస్టీన్ చాపెల్ అక్కడ తప్ప ఎక్కడా లేదు. నెల చివరి ఆదివారం ఫ్రీ అంటారు గానీ మధ్యాహ్నం 12:30కే ఎంట్రీ ఆపేస్తారు, రోజు మొత్తం ఆ క్యూకే పోతుంది.

ఖర్చుల్లో మనకి నిజంగా కలిసొచ్చేవి చిన్నచిన్నవే. ఫ్యూమిచినో ఎయిర్‌పోర్ట్ నుంచి నాన్‌స్టాప్ ట్రైన్ 14 యూరోలు, అదే స్టేషన్‌లో లోకల్ ట్రైన్ ఎక్కితే 8, త్రస్తేవెరేలోనో ఓస్తియెన్సేలోనో దిగి బస్సు ఎక్కొచ్చు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, కుర్చీలో కూర్చుంటే ఇంకో రేటు, కాబట్టి నిలబడండి. పిజ్జా ముక్క కత్తిరించి తూకం వేసి ఇచ్చే షాపుల్లో తినండి, సుప్లీ అని లోపల చీజ్ పెట్టి వేయించిన అన్నం ఉండ ఉంటుంది, రెండు తింటే మధ్యాహ్నం గడిచిపోతుంది. అన్నం మానలేనివాళ్ళు పియాజ్జా వితోరియో చుట్టుపక్కల బంగ్లాదేశీ షాపులకి వెళ్ళండి, పచ్చిమిర్చి, కొత్తిమీర, పప్పులు అన్నీ దొరుకుతాయి, హాస్టల్‌లో కిచెన్ ఉంటే చాలు. నీళ్ళ బాటిల్ కొనేవాళ్ళని చూస్తే జాలేస్తుంది, ఊరంతా ఏడాది పొడుగునా నడిచే చలివేంద్రంలా దాదాపు 2,500 నాసోనీ కుళాయిలున్నాయి, చల్లటి నీళ్ళు, కింద వేలుతో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి చిమ్ముతాయి, వంగి తాగడమే.

ట్రెవీ ఫౌంటెన్ అంచు దాకా దిగాలంటే 2026 ఫిబ్రవరి నుంచి 2 యూరోలు పెట్టారు, పైన రోడ్డు మీద నిలబడి చూడ్డం ఫ్రీయే. పాతకాలం రోమన్ గుడి పాంథియన్‌కి 2023లో 5 యూరోల టికెట్ పెట్టారు, ఇక్కడ మాత్రం టికెట్ కొనేయండి, డోమ్ నడిమధ్య బొక్కలోంచి వాన పడితే ఇంకా అదృష్టం.

ఇన్ని చెప్పినా మా సీనియర్ అన్న ఒకాయన "కొలోసియం లోపల ఫొటో లేకుండా రోమ్ వెళ్ళొచ్చానంటే ఇంట్లో ఎవరు నమ్ముతారు" అన్నాడు. ఆయన ఐదు రోజుల్లో నాలుగు దేశాలు చుట్టొచ్చిన మనిషి. మోషే విగ్రహం గురించి చెప్తే, అది ఏ దేశంలో ఉంది అని అడిగాడు.