మమియా ఓడ కథలో మీరు చెప్పని సగం

మమియా గురించి ఎవరు రాసినా ఒకటే పాట. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ నేవీకి మిఠాయిలు మోసిన ఓడ, ఐస్‌క్రీమ్, సోడా... ఎంత ముచ్చటో! ముచ్చటే, కాదనను. 1924లో వచ్చిన ఈ ఓడ 18 వేల మందికి మూడు వారాలకు సరిపడా తిండి మోసేదంటే మాటలా? పశువుల్ని ప్రాణాలతోనే ఎక్కించుకుని ఓడలోనే కోసేవాళ్లు, టోఫు అక్కడే చేసేవాళ్లు, మిఠాయిలకైతే ప్రత్యేకంగా పనివాళ్లు ఉండేవాళ్లు. దాని యోకాన్ అనే మిఠాయికి మహా పేరు. ఎర్ర చిక్కుడు గింజల ముద్దలో పంచదార, అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే, గట్టిపరిచే పదార్థం) కలిపి గట్టిపడనిచ్చి హల్వాలా ముక్కలు కోస్తారు. ఇంటి దగ్గర పంచదారకి 1940 నుంచే రేషన్, ఇక మమియా లంగరు వేసిందంటే నావికులకు పండగ కాదూ!

సరే, పండగ ఎవరికి? పసిఫిక్‌లో జపాన్ నేవీ స్థావరమైన ట్రక్ దీవుల్లో తిష్ఠ వేసిన పెద్ద యుద్ధనౌకల వాళ్లకి. 1942 చివర్లో యమాటో అనే భారీ యుద్ధనౌక అక్కడే ఉంది, అదే సమయంలో దక్షిణాన గ్వాడల్‌కెనాల్ దీవిలో అదే దేశపు సైనికులు తిండిలేక, మలేరియాతో రాలిపోతున్నారు. వాళ్లకి తిండి ఎలా పంపారో తెలుసా? ఇనప డ్రమ్ములు తేలాలి కాబట్టి నిండా నింపకుండా, తాళ్లతో వరసగా కట్టి, రాత్రిపూట డెస్ట్రాయర్ల (వేగంగా వెళ్లే చిన్న యుద్ధనౌకల) మీంచి సముద్రంలోకి తోసేవాళ్లు, ఒడ్డున ఉన్న ఎముకల గూళ్లు వాటిని లాక్కోవాలి. డిసెంబరు 3న 1,500 డ్రమ్ములు వదిలితే చేతికొచ్చినవి 310. తెల్లారేసరికి అమెరికన్ విమానాలు మిగతావాటి పని పట్టాయి.

"మమియానే అక్కడికి పంపాల్సింది" అనకండి. బొగ్గు ఓడ, 14 నాట్లకి (గంటకి సుమారు 26 కిలోమీటర్లకి) మించి పరుగెత్తదు, అక్కడికెళ్తే పొద్దెక్కేలోపు మునిగేది. నా కోపం ఓడ మీద కాదు, సముద్రం మీద ఒక్క పెద్ద పోరు గెలిస్తే అన్నీ అవే చక్కబడతాయనుకుని సరుకు ఓడల కాపలాని గాలికొదిలేసిన నేవీ పెద్దల మీద. ఆ పనికని ప్రత్యేక కమాండ్ పెట్టింది ఎప్పుడయ్యా అంటే 1943 నవంబరులో! అంతకు ముందు నెలే మమియాకి టార్పెడో తగిలింది. బాగుచేసి తిప్పారు, 1944 మేలో ఇంకోటి. డిసెంబరులో సీలయన్ అనే అమెరికన్ సబ్‌మెరైన్ దాన్ని దక్షిణ చైనా సముద్రంలో ముంచేసింది. రెండో ఫుడ్ షిప్ ఇరాకో అప్పటికే ఫిలిప్పీన్స్‌లో కోరోన్ దగ్గర విమానదాడిలో పోయింది.

అందుకే "అమెరికాకి ఐస్‌క్రీమ్ బార్జ్ (ఐస్‌క్రీమ్ తయారుచేసే పెద్ద పడవ) ఉంది కాబట్టే గెలిచింది" అనే పోస్టు చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ బార్జ్ వచ్చింది 1945లో, అప్పటికి మమియా సముద్రం అడుగున ఉంది. ఐస్‌క్రీమ్ సంగతి తర్వాత, బియ్యం ఓడలకి కాపలా ఎవరు పెట్టారో, ఎవరు పెట్టలేదో అది రాయండి ముందు.