ఏనుక్కో కౌలు కార్డు

పలమనేరు పక్కన మా మామకు మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. అడంగల్లో పేరు మామది. కాపు మాత్రం కౌండిన్య అడవిలోంచి దిగే ఏనుగులది. కాబట్టి అధికారులకు నా విన్నపం: 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఏనుగుకు కౌలు కార్డు మంజూరు చేయాలి. పదకొండు నెలల ఒప్పందమే కదా, యజమాని హక్కు ఎక్కడికీ పోదు. సంతకం రాదన్న బెంగ వద్దు, పాదముద్ర గట్టు మీద ఎప్పుడో వేసి పోయింది.

నవ్వకండి. ఇంతకన్నా మంచి దారి కోసం చాలానే వెతికాను.

అదే తోటలోంచి హైవే పోయుంటే మామ జాతకం వేరు. 2013 భూసేకరణ చట్టం పల్లెల్లో మార్కెట్ విలువకు రెండింతల దాకా కట్టి, దాని మీద సొలేషియం, అంటే ఊరట సొమ్ము, అని ఇంకో అంత ఇమ్మంటుంది. తోటలోంచి ఏనుగు పోతే పంటనష్టం దరఖాస్తు ఫారం చేతికిస్తారు. అడవి ఏనుగుల్ని తరమడానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీలు, అంటే శిక్షణ పొందిన ఏనుగులు, వచ్చాయి, సంతోషం. ప్రభుత్వ ఏనుగు మేత ఖర్చు ప్రభుత్వానిది, అడవి ఏనుగు మేత ఖర్చు మా మామది.

అమెరికాలో దీనికో ఉపాయం ఉంది, కన్సర్వేషన్ ఈజ్‌మెంట్. రైతు భూమి అమ్మడు, అందులో ప్లాట్లు వేసే హక్కు మాత్రం వదులుకుంటున్నానని రాసిచ్చేస్తాడు. రేపు కొన్నవాడికీ ఆ కట్టుబాటు తప్పదు. బదులుగా ఆదాయపన్నులో తగ్గింపు, కొన్నిచోట్ల నేరుగా డబ్బే. మామకు చెప్పాను.

"సేద్యానికి మనకు ఆదాయపన్నే లేదు కదరా, దేంట్లో తగ్గిస్తారు?" అన్నాడు.

ఈజ్‌మెంట్ల చట్టం మనకూ ఉంది, 1882ది. అందులో ఒక భూమి మీది హక్కు ఇంకో భూమి అనుభవానికి పనికిరావాలి. ఏనుగుకు సర్వే నంబరు లేదాయె! ఇక వన్యప్రాణి చట్టంలో 36సీ సెక్షన్. పట్టా భూమిని మనంతట మనమే ముందుకొచ్చి కమ్యూనిటీ రిజర్వ్, అంటే వన్యప్రాణుల కోసం కాపాడే భూమి, చేయించుకోవచ్చు. ఆ తర్వాత భూమి వాడకం మార్చాలంటే రిజర్వ్ నిర్వహణ కమిటీ తీర్మానం, దాని మీద ప్రభుత్వ ఆమోదం కావాలి. రైతుకు ఇంత ఇస్తామన్న మాట ఆ సెక్షన్లో ఎంత వెతికినా దొరకలేదు.

మొన్న తిరుపతి నుంచి ఒక రియల్ ఎస్టేట్ ఆయన వచ్చాడు. విల్లాలు కడతాడట, బాల్కనీలోంచి ఏనుగులు కనబడతాయని బ్రోచర్లో వేస్తాడట. ఏనుగు పేరు చెప్పి మామకు ఒకరు అడ్వాన్స్ ఇస్తామనడం ఇదే మొదటిసారి.

కౌలు కార్డు సంగతి తేలేదాకా ఆగమన్నాను.